లోతున పూడిన ఇసుకరాయిలో ఖనిజాల మార్పు: నెల్లూరు తీరం ఆధారంగా ఒక సమీక్ష

నదులు తెచ్చి తీరంలోనూ, తీరానికి అవతల సముద్రపు అడుగునా పోసిన ఇసుక మీద పొర మీద పొర పేరుకొని, అది కిలోమీటర్ల లోతుకు దిగినప్పుడు, పై బరువుకు నలిగి గట్టిపడటంతోనే దానిలోని మార్పు ఆగిపోదు. రేణువుల సందుల్లో చిక్కిన ఉప్పునీరు, లోతుతో పాటు పెరిగే వేడి, కోట్ల ఏళ్ల వ్యవధి కలిసి అందులోని ఖనిజాలను కొద్దికొద్దిగా కరిగిస్తాయి. కరిగిన మూలకాలు మళ్లీ కూడుకొని ఆ సందుల్లోనే వేరే ఖనిజాలుగా పేరుకొంటాయి. అవక్షేపం రాయిగా మారే దశలో జరిగే ఈ మార్పులన్నిటినీ కలిపి డయాజెనిసిస్ అంటారు. వేడి సుమారు 200 డిగ్రీల సెల్సియస్ దాటిన తరువాత జరిగే మార్పులను అత్యల్పస్థాయి రూపాంతరీకరణ అంటారు. రాయి కరిగి ద్రవం కాకుండానే, ఉన్న స్థితిలోనే కొత్త ఖనిజాల కూర్పును పొందే ప్రక్రియలో ఇది మొదటి మెట్టు. పుస్తకాల్లో ఈ రెంటికీ వేర్వేరు అధ్యాయాలున్నా భూమి లోపల వాటి మధ్య గోడ లేదు. అయినా ఈ రంగంలో చాలాకాలం పాటు లోతునే ప్రధానమైన కొలబద్దగా వాడుతూ వచ్చారు. ఆ కొలబద్ద చాలదనీ, ఇసుక ఏ రాళ్ల నుంచి అరిగి వచ్చింది, ఎంత వేడిని ఎంతకాలం భరించింది అన్న రెండు సంగతులు తెలియనిదే లోతును బట్టి ఏ నిర్ణయానికీ రాలేమనీ గత అర్ధశతాబ్దపు పరిశోధన చూపుతున్నది.

ఈ ప్రశ్నను పరిశీలించడానికి నెల్లూరు సీమ అరుదైన చోటు. కోట, చిల్లకూరు ప్రాంతాల తీరంలో ఇంకా రాయి కాని తెల్లని సిలికా ఇసుక మేటలు ఉన్నాయి. గాజు పరిశ్రమకు తరలివెళ్లే ఆ ఇసుకలో క్వార్ట్‌జ్ తప్ప ఇతర ఖనిజాలు చాలా తక్కువ. తీరం దాటితే పెన్నా–పాలార్ బేసిన్ ఉంది. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట భారత భూభాగం అంటార్కిటికా నుంచి విడిపోతున్నప్పుడు నేల చీలి కుంగిన పల్లాల్లో నాటి నుంచి నేటి దాకా పేరుకొన్న ఇసుక, బంకమన్ను పొరలు అక్కడ సముద్రం కింద పూడి ఉన్నాయి. తీరం నుంచి పడమటికి వెళితే గూడూరు, సైదాపురం అభ్రకపు గనులున్న నెల్లూరు షిస్టు పట్టీ వస్తుంది. అందులో అడుగున ఉన్న వింజమూరు వర్గపు శిలలు స్టారొలైట్, కయనైట్ వంటి ఖనిజాలు పుట్టేంత వేడికి, ఒత్తిడికి లోనయ్యాయి. వాటి పైనున్న ఉదయగిరి వర్గపు క్వార్ట్‌జైట్లు, ఫిల్లైట్లు అంతకంటే తక్కువ వేడిని చూశాయి. ఇంకా పడమట వెలిగొండలు, వాటి వెనుక నల్లమల శ్రేణి, అక్కడ బైరేనికొండ క్వార్ట్‌జైట్లు, కంభం పలకరాళ్లు ఉన్నాయి. క్వార్ట్‌జైట్ ఒకప్పుడు ఇసుక, పలకరాయి ఒకప్పుడు బంకమన్ను. ఇసుక రేణువు మొదలుకొని షిస్టు వరకు ఈ మార్పులోని మెట్లన్నీ ఒక్క నెల్లూరు చుట్టుపక్కలే దొరుకుతాయి.

అయితే వెలిగొండల క్వార్ట్‌జైట్ నేటి సముద్రగర్భపు ఇసుకకు పెద్దన్న కాదు. కడప బేసిన్‌లో అవక్షేపణ 190 కోట్ల ఏళ్ల కిందటికే సాగుతోందని పులివెందుల ప్రాంతపు అగ్నిశిలల పొరల వయసు, అంటే 188.5 కోట్ల ఏళ్లు, తెలుపుతున్నది. కంభం శిలల్లోకి చొచ్చుకొచ్చిన చెలిమ లాంప్రోయిట్ అనే అగ్నిశిల వయసు సుమారు 140 కోట్ల ఏళ్లు కాబట్టి నల్లమల వర్గపు అవక్షేపాలు అంతకు ముందే ఏర్పడి ఉండాలి. ఆ బేసిన్ వేరు, కాలం వేరు. పైగా నల్లమల శిలలు పూడిపోవడంతో పాటు పర్వత నిర్మాణపు ఒత్తిడికి మడతలు పడ్డాయి. పెన్నా బేసిన్ పొరలకు అలాంటి అనుభవం లేదు. పోలికకు గల ఈ హద్దును మరిచి పడమటి శిలలను చూపి తూర్పు పొరల భవిష్యత్తును చెప్పబోవడం పొరపాటు. పోలిక ఉపయోగపడేది వేరొక చోట: ఇసుకరాయిలోని ఏ ఖనిజం ఏ వేడి దగ్గర నిలబడలేకపోతుందో చూడటానికి కొండ మీద చేతికందే రాయి మంచి సాక్ష్యం, ఎందుకంటే సముద్రం కింద బావి తవ్వి తెచ్చిన రాతి ముక్క దొరకడం అరుదు, దాని ఖర్చు అపారం.

ఈ ప్రాంతపు శిలల అధ్యయనం పాతదే. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ తరఫున విలియం కింగ్ కడప, కర్నూలు శిలల మీద 1872లో, నెల్లూరు ప్రాంతపు నైస్‌లు తదితర శిలల మీద 1880లో విస్తృత నివేదికలు వెలువరించాడు. సత్యవేడు, శ్రీపెరుంబుదూరు ప్రాంతాల్లో బయటపడిన, వృక్ష శిలాజాలున్న ఇసుకరాళ్లను రాబర్ట్ బ్రూస్ ఫుట్ 1873లో వర్ణించాడు. శిలలను పొరల వారీగా గుర్తించి పటాలు గీయడం ఆ తరం లక్ష్యం. పొరల లోపల ఖనిజాలు ఎలా మారాయన్న ప్రశ్న అప్పటికి అదనపు విషయమే. డయాజెనిసిస్ అనే మాట జర్మన్ శాస్త్రవేత్త గ్యూంబెల్ వాడుకలోకి తెచ్చినది కూడా ఆ కాలంలోనే, 1868లో. డయాజెనిసిస్‌కూ రూపాంతరీకరణకూ నడుమ ఒక సంధి మండలం ఉందని హారాసోవిట్జ్ 1927లో గుర్తించి అక్కడి మార్పును ఆంకిమెటామార్ఫిజం అన్నాడు; ఆ మండలానికే తరువాత ఆంకిజోన్ అనే పేరు స్థిరపడింది. 1954లో న్యూజిలాండ్ దక్షిణ ద్వీపంలోని టారింగటురా కొండల్లో డి.ఎస్. కూంబ్స్ చేసిన పని ఈ రంగానికి మలుపు. అగ్నిపర్వత ధూళి కలిసిన ఇసుకరాళ్లు అంతర్నిర్మాణం మారేంతగా నలగకుండా, కేవలం లోతుకు పూడినందువల్లనే, పై పొరల్లో ఒక రకపు జియోలైట్లుగా, కింది పొరల్లో లామొంటైట్ అనే మరొక జియోలైట్‌గా, ఆల్బైట్‌గా క్రమంగా మారాయని ఆయన చూపాడు. జియోలైట్లంటే స్ఫటిక నిర్మాణంలో నీటిని పట్టి ఉంచుకొనే సిలికేట్లు. పర్వతాలు పుట్టించే ఒత్తిడి లేకపోయినా రూపాంతరీకరణ మొదలవుతుందన్న సంగతి అప్పటి నుంచి తోసిపుచ్చలేనిదైంది.

ఆ తరువాత అధ్యయనం రెండు పాయలుగా చీలింది. ఒక పాయలో కొండరాళ్లను చదివే రూపాంతర శిలా శాస్త్రజ్ఞులు, రెండో పాయలో చమురు సంస్థల అవక్షేప శాస్త్రజ్ఞులు. మొదటివారు 200 డిగ్రీల పైనున్న వాటిని, రెండవవారు 200 లోపు వాటిని చూశారు. కొలతలు వేరు, పరిభాష వేరు, సదస్సులు కూడా వేరు. ఒకే ప్రక్రియ రెండు కొసలను రెండు వర్గాలు విడివిడిగా చదవడం వల్ల జరిగిన నష్టం తెలుగు నేల మీద మరీ స్పష్టంగా కనిపిస్తుంది, ఎందుకంటే కృష్ణా–గోదావరి బేసిన్ లోతు బావులు 200 డిగ్రీల గీత దగ్గరికే వెళ్లాయి.

మార్పు క్రమాన్ని పైనుంచి కిందికి చూడటం మంచిది. కొత్తగా పేరుకొన్న ఇసుకలో నూటికి 40 నుంచి 45 వంతుల దాకా ఖాళీ, అంటే రేణువుల మధ్య సందులే. రాతిలోని ఖాళీ భాగాన్ని రంధ్రత అనీ, ఆ సందులు ఒకదానితో ఒకటి కలిసి ద్రవాన్ని లేదా వాయువును పోనిచ్చే గుణాన్ని పారగమ్యత అనీ అంటారు. ఈ రెంటికీ ఉన్న తేడా ముందు ముందు చాలా అవసరమవుతుంది. మొదటి రెండు మూడు కిలోమీటర్ల వరకు పని చేసేది ప్రధానంగా బరువు. రేణువులు సర్దుకొంటాయి, మెత్తనివి నలుగుతాయి, అభ్రకపు రేకులు వంగుతాయి, రంధ్రత 25–30 శాతానికి దిగుతుంది. సున్నపు బంధకం కొన్నిచోట్ల తొందరగా ఏర్పడి సందులను నింపేయవచ్చు. అంతకు మించి ఈ దశలో ఖనిజాల మార్పు స్వల్పం.

60, 70 డిగ్రీలు దాటాక రసాయనం రంగంలోకి వస్తుంది. అన్నిటికంటే ముందుగా స్పందించేది బంకమన్ను. రేగడి నేలలో ఎండకు నెర్రెలు విచ్చి, వానకు ఉబ్బే మట్టిలో ఉండే ప్రధాన ఖనిజం స్మెక్టైట్. దాని పలుచని రేకుల మధ్య నీరు ఇమిడి ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ ఆ నీరు వెళ్లిపోయి, రేకుల మధ్య పొటాషియం చేరి, స్మెక్టైట్ క్రమంగా ఇల్లైట్ అనే అభ్రకజాతి ఖనిజంగా మారుతుంది. హోవర్, ఆయన సహచరులు అమెరికా గల్ఫ్ తీరపు బావి నమూనాల మీద 1976లో ప్రచురించిన పరిశోధన ఈ మార్పును మెట్టు మెట్టుగా చూపింది. మార్పు ఒక్కసారిగా జరగదు. స్మెక్టైట్ పొరలు, ఇల్లైట్ పొరలు ఒకే రేణువులో కలగలిసిన మిశ్రమ దశ మధ్యలో ఉంటుంది, లోతుకు పోయేకొద్దీ ఇల్లైట్ వాటా పెరుగుతుంది. ఇందుకు కావలసిన పొటాషియాన్ని సాధారణంగా పక్కనే ఉన్న పొటాషియం ఫెల్డ్‌స్పార్ కరిగి ఇస్తుంది. మారిన బంకమన్ను బదులుగా సిలికాను, ఇనుమును, మెగ్నీషియాన్ని, నీటిని వదులుతుంది. ఒక ఖనిజం పోగొట్టుకొన్నదే మరొక ఖనిజానికి ముడిసరుకవుతుంది కాబట్టి ఈ మార్పులను విడివిడిగా లెక్కించడం సాధ్యం కాదు.

ఫెల్డ్‌స్పార్ మార్పు రెండు దారుల్లో సాగుతుంది. కాల్షియం ఉన్న రకాలు, పొటాషియం ఉన్న రకాలు కూడా సోడియం గల ఆల్బైట్‌గా రేణువు రూపం చెడకుండానే మారవచ్చు. లేదా రేణువు లోపలే కరిగి బోలుగా మిగలవచ్చు. అలా ఏర్పడిన ఖాళీని చూసి లోతులో రంధ్రత మళ్లీ పెరుగుతుందని 1970లు, 80లలో చాలామంది ఆశపడ్డారు. కరిగిన అల్యూమినియం మాత్రం నీటిలో దూరం పోలేదు. అది దగ్గరలోనే కయోలినైట్ రేకులుగా, ఆపైన ఇల్లైట్‌గా కూర్చుంటుంది. ఒకచోట తెరుచుకొన్న సందు పక్కనే మరొకటి మూసుకొంటుంది కాబట్టి మొత్తం మీద లాభం అల్పమన్నదే ఇప్పుడు బలంగా నిలిచిన అభిప్రాయం. సుమారు 130 డిగ్రీల దగ్గర, పొటాషియం ఫెల్డ్‌స్పార్ తోడుంటే, కయోలినైట్ కూడా ఇల్లైట్‌గా మారుతుంది. ఈ ఇల్లైట్ తరచుగా సన్నని వెంట్రుకల్లా సందుల్లో అడ్డంగా పెరుగుతుంది. అప్పుడు రంధ్రత అంకెలో పెద్ద తేడా కనిపించదు, పారగమ్యత మాత్రం పదింతలు, వందింతలు పడిపోతుంది. వాయువు ఉన్నదని కొలతలు చెప్పిన చోట వాయువు రాకపోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. రంధ్రతను మాత్రమే చూసి నిల్వలు లెక్కగట్టేవారు దీన్ని ఎంత గట్టిగా గుర్తుంచుకొంటే అంత మంచిది.

ఇసుకరాయిని చివరికి మూసేసేది క్వార్ట్‌జ్. 70–80 డిగ్రీల నుంచి నీటిలోని సిలికా, ఉన్న క్వార్ట్‌జ్ రేణువు మీదే, దాని స్ఫటిక క్రమం తప్పకుండా, కొత్త అంచుగా పెరుగుతుంది. కడప బేసిన్‌లో పెద్దగా మడతలు పడని నగరి క్వార్ట్‌జైట్ వంటి రాతిని 0.03 మిల్లీమీటర్ల పలుచని తునకగా అరగదీసి సూక్ష్మదర్శిని కింద పెడితే ఇది కంటికి కనిపిస్తుంది. మొదట చూపుకు రేణువులన్నీ కోణాలుగా, ఒకదానిలో ఒకటి ఇరుక్కొన్నట్టు ఉంటాయి. నిదానంగా చూస్తే ఒక్కొక్క కోణపు రేణువు లోపల ఇనుప ఆక్సైడ్, బంకమన్ను నలుసులు గీసిన సన్నని గుండ్రటి గీత బయటపడుతుంది. ఆ గీత లోపలిది నదీ, అలలూ దొర్లించి నునుపు చేసిన అసలు ఇసుక రేణువు, బయటిది భూమి లోపల పెరిగిన అంచు. తునకను ధ్రువీకృత కాంతిలో తిప్పినప్పుడు లోపలి భాగం, బయటి భాగం ఒకేసారి చీకటిపడటం వల్ల రెండూ ఒకే స్ఫటికమని తెలుస్తుంది. ఎలక్ట్రాన్ పుంజం తగిలినప్పుడు వెలిగే వెలుగులో మాత్రం సాధారణంగా అంచు మసకగా, రేణువు ప్రకాశంగా విడిపోయి కనిపిస్తాయి. వెలిగొండల వైపు, ఒత్తిడి ఎక్కువైన శిలల్లో, ఈ గుండ్రటి గీతలు చెరిగిపోయి రేణువుల హద్దులు రంపపు పళ్లలా అల్లుకొంటాయి, వాటి మధ్య సన్నని అభ్రకపు పోగులు ఒకే దిక్కుకు వాలి ఉంటాయి. ఇసుకరాయి క్వార్ట్‌జైట్‌గా మారిన క్రమాన్ని ఇంతకంటే దగ్గరగా చూపే సాక్ష్యం లేదు.

క్వార్ట్‌జ్ అంచు ఎంత వేగంగా పెరుగుతుందన్న ప్రశ్నకు నార్వే శాస్త్రవేత్త ఓలావ్ వాల్డర్‌హాగ్ 1990లలో ఇచ్చిన సూత్రం ఈనాటికీ ఆధారం. దాని ప్రకారం వేడి సుమారు 14 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ వేగం రెట్టింపవుతుంది; 100 డిగ్రీల దగ్గరి వేగంతో పోలిస్తే 140 దగ్గర దాదాపు ఏడున్నర రెట్లు. అదే సూత్రాన్ని 200 వరకు పొడిగిస్తే 150 రెట్లకు పైనే. ఈ లెక్కలో లోతుకు నేరుగా చోటు లేదు. సిలికా ఎంత దొరుకుతుందన్నదాని కంటే అంచు పెరగడానికి ఖాళీ క్వార్ట్‌జ్ ఉపరితలం ఎంత ఉంది, ఆ వేడిలో ఎంతకాలం గడిచింది అన్నవే ఇక్కడ నిర్ణాయకాలు. కిలోమీటరుకు 25–30 డిగ్రీల చొప్పున పెరిగే సాధారణ నేలలో నాలుగు కిలోమీటర్ల దగ్గర కనిపించే మార్పు, అంతకంటే వేడి నేలలో మూడు కిలోమీటర్లకే పూర్తికావచ్చు. కాలిఫోర్నియాలోని సాల్టన్ సీ ప్రాంతంలో, భూగర్భపు వేడి అసాధారణంగా ఎక్కువైన చోట, ఇటీవలి కాలపు ఇసుకరాళ్లే కిలోమీటరు పైచిలుకు లోతులో 300 డిగ్రీల వేడికి క్లోరైట్ (ఇనుము, మెగ్నీషియం గల ఆకుపచ్చని రేకుల ఖనిజం), ఎపిడోట్ గల శిలలుగా మారాయని మఫ్లర్, వైట్ 1969లో నమోదు చేశారు. వేడిని వదిలి లోతును పట్టుకొంటే తప్పుదారి పడతామనడానికి ఆ ఒక్క ఉదాహరణ చాలు.

వేడి తరువాత లెక్కలోకి రావలసింది ఇసుక పుట్టుక. పెన్నా నది విషయంలో దీనికి పెద్ద ప్రాధాన్యముంది. నంది కొండల్లో పుట్టి 597 కిలోమీటర్లు ప్రవహించే పెన్న, ద్వీపకల్పపు గ్రానైట్లు, నైస్‌ల మీదుగా వచ్చి, గండికోట దగ్గర కడప బేసిన్ క్వార్ట్‌జైట్లను కోసి, సోమశిల వద్ద వెలిగొండలను దాటి, నెల్లూరు షిస్టుల మీదుగా సముద్రం చేరుతుంది. కాబట్టి దాని ఇసుకలో గ్రానైట్ ఇచ్చిన పొటాషియం ఫెల్డ్‌స్పార్, క్వార్ట్‌జైట్ ఇచ్చిన, ఒకసారి రాయై మళ్లీ ఇసుకైన క్వార్ట్‌జ్, షిస్టులు ఇచ్చిన అభ్రకం ఉండటం సహజం. ఈ మూడూ లోతులో మూడు పనులు చేస్తాయి: ఫెల్డ్‌స్పార్ ఇల్లైట్‌కు పొటాషియం అందిస్తుంది, క్వార్ట్‌జ్ అంచు పెరగడానికి చోటిస్తుంది, అభ్రకం తాను ఆనుకొన్న క్వార్ట్‌జ్‌ను కరిగించి సిలికాను విడుదల చేయిస్తుంది. క్వార్ట్‌జ్, అభ్రకం ఒరుసుకొనే చోట క్వార్ట్‌జ్ కరగడానికి ఒత్తిడి కంటే ఆ రెంటి ఉపరితలాల రసాయనమే ముఖ్యమని 1990లలో బియోర్కుమ్ వాదించిన తరువాత అభ్రకపు పాత్ర మీద దృష్టి బాగా పెరిగింది. అభ్రకానికి పేరుపొందిన నెల్లూరు సీమ నుంచి కొట్టుకుపోయిన ఇసుకను అధ్యయనం చేసేవారు దీన్ని పక్కన పెట్టలేరు.

కృష్ణా, గోదావరుల సంగతి వేరు. ఆ నదులు సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటి దక్కన్ బసాల్టుల మీదుగా వస్తాయి. బసాల్ట్ అరిగి ఇచ్చేది కాల్షియం గల ఫెల్డ్‌స్పార్, ఇనుము, మెగ్నీషియం, పుష్కలంగా స్మెక్టైట్. అందుచేత బసాల్టుల తరువాతి కాలపు కృష్ణా–గోదావరి పొరల్లో క్లోరైట్, జియోలైట్ల వైపు సాగే మార్పుకు ఎక్కువ అవకాశం ఉంటే, పెన్నా పొరల్లో క్వార్ట్‌జ్, ఇల్లైట్, ఆల్బైట్ వైపు సాగేదానికి ఎక్కువ అవకాశం ఉంది. పక్కపక్కనే ఉన్న రెండు బేసిన్లకు ఒకే లోతు–రంధ్రత పట్టికను వర్తింపజేయడం అందువల్ల సరికాదు. తీరంలోని చిల్లకూరు సిలికా ఇసుక లాంటిదే పూడితే ఏమవుతుందన్నది ఇక్కడ ఆలోచించదగ్గ విషయం. బంకమన్ను, ఫెల్డ్‌స్పార్ లేని శుభ్రమైన ఇసుక మొదట్లో ఉత్తమమైన నిల్వరాయిలా కనిపిస్తుంది. అయితే శుభ్రమైన క్వార్ట్‌జ్ ముఖాలే అంచు పెరగడానికి అత్యంత అనుకూలం కాబట్టి 120, 130 డిగ్రీల్లో కోట్ల ఏళ్లు గడిస్తే అదే అన్నిటికంటే ముందు బిగుసుకుపోతుంది.

లోతైన ఇసుకరాళ్ల విషయంలో తెలుగు తీరానికి అనుభవం ఇచ్చింది కృష్ణా–గోదావరి బేసినే. భూభాగంలో గొల్లపల్లి, రాఘవాపురం, తిరుపతి అనే పేర్లతో పిలిచే క్రిటేషియస్ పొరలు అక్కడ పైకి కనిపిస్తాయి (ఇక్కడి తిరుపతి ద్వారకా తిరుమల, అంటే చిన్న తిరుపతి). అవే పొరలు, వాటి సమకాలికులు, తీరం వైపు దిగి కిలోమీటర్ల లోతుకు పోతాయి. ఓఎన్‌జీసీ గోదావరి ప్రాంతంలో తవ్విన మండపేట క్షేత్రంలో పెర్మియన్–ట్రయాసిక్ కాలపు ఇసుకరాళ్లు, కృష్ణా డెల్టాలో నాగాయలంక క్షేత్రంలో క్రిటేషియస్ ఇసుకరాళ్లు వాయువునో చమురునో ఇచ్చినా, పారగమ్యత తక్కువైనందువల్ల ద్రవాన్ని అధిక పీడనంతో పంపి రాతిని చీల్చవలసిన అవసరం పడింది.

రెండు సముద్ర క్షేత్రాలను పక్కపక్కన పెడితే విషయం తేటపడుతుంది. 2002లో రిలయన్స్ సంస్థ కనుగొన్న, 2009 ఏప్రిల్‌లో వాయువు ఉత్పత్తి మొదలుపెట్టిన కేజీ–డి6 క్షేత్రంలో మొదట వాయువునిచ్చిన పొరలు సెనోజోయిక్ చివరి కాలానివి, భూగర్భ కాలమానంలో పసివి. లోతైన చల్లని సముద్రం కింద ఉన్న వాటి ఇసుక ఇంకా వదులుగానే ఉంది, వాయువుతో పాటు ఇసుకే బావిలోకి కొట్టుకురాకుండా జాగ్రత్తపడవలసి వచ్చింది. దీనికి పూర్తి భిన్నం కాకినాడ దిగువ తీరపు సముద్రంలోని దీన్‌దయాళ్ క్షేత్రం. గుజరాత్ స్టేట్ పెట్రోలియం కార్పొరేషన్ కేజీ–ఓఎస్‌ఎన్–2001/3 బ్లాకులో కనుగొన్న ఈ క్షేత్రంలో 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల వాయువు ఉందని 2005లో ప్రకటన వెలువడింది. ఐదు కిలోమీటర్ల లోతున, 200 డిగ్రీల సెల్సియస్ దరిదాపు వేడిలో, అధిక పీడనంలో ఉన్న తొలి క్రిటేషియస్ ఇసుకరాళ్లవి. పారగమ్యత చాలా తక్కువ, బావులు ఆశించినంత ఇవ్వలేదు, తరువాతి మదింపుల్లో తొలి అంకె ఎంతో కుదించుకుపోయింది. 2017లో ఆ బ్లాకులో 80 శాతం వాటాను 7,700 కోట్ల రూపాయలకు పైగా చెల్లించి ఓఎన్‌జీసీ తీసుకొంది. ఆ కథలో ఆర్థిక, పాలనా కోణాలు అనేకం; వాటి చర్చకు ఇది చోటు కాదు. శిలా కోణం నుంచి చూస్తే మాత్రం, పది కోట్ల ఏళ్లకు పైబడిన ఇసుక అంతటి వేడిలో వాయువును సులువుగా వదులుతుందని ముందే నమ్మడానికి ఆధారం చాలా బలంగా ఉండవలసింది. అది చమురు పరిశ్రమ చెల్లించిన ఖరీదైన పాఠం, దాన్ని ఖనిజ శాస్త్రంతో కలిపి చదవకపోతే ఆ ఖర్చు వృథా.

అలాగని లోతైన ఇసుకరాళ్లన్నీ మూసుకుపోయి తీరుతాయని కాదు. అమెరికాలోని లూసియానాలో టస్కలూసా ఇసుకరాళ్లు ఆరు కిలోమీటర్ల లోతులో కూడా 20 శాతానికి మించిన రంధ్రతను నిలుపుకొన్నాయి. రేణువుల చుట్టూ తొలిదశలోనే అంటుకొన్న పలుచని క్లోరైట్ పొర క్వార్ట్‌జ్ అంచును పెరగనివ్వకపోవడమే అందుకు ప్రధాన కారణం.  నదులు ఇనుమును మోసుకొచ్చే డెల్టా ముఖాల్లో క్లోరైట్‌కు ముందుదశ అయిన ఖనిజాలు పుట్టే అవకాశం ఎక్కువ. ఆ పూత మరీ పలుచనైతే అడ్డుకోలేదు, మరీ మందమైతే తానే సందును మూసేస్తుంది. పొరల్లో ద్రవపీడనం ఎక్కువైతే అది పై బరువులో కొంత మోసి రేణువులు నలగకుండా కాపాడుతుంది. క్వార్ట్‌జ్ పెరుగుదలను మాత్రం ఆపలేదు.

చమురు లేదా వాయువు ముందుగానే వచ్చి సందులను నింపితే క్వార్ట్‌జ్ పెరుగుదల ఆగుతుందా అన్నది ముప్ఫై ఏళ్లకు పైగా తేలని వివాదం. ఆగుతుందనేవారు చమురు ఉన్న భాగంలో రంధ్రత ఎక్కువ కనిపించిన క్షేత్రాలను చూపుతారు. ఆగదనేవారు రేణువులకు అంటుకొన్న నీటిపొర మిగిలే ఉంటుందనీ, అందులో సిలికా కదలగలదనీ అంటారు. సూక్ష్మదర్శిని సాక్ష్యం ఇరువైపులా ఉంది. నీటితో తడిసే రాతిలో వేగం తగ్గుతుంది తప్ప ఆగదన్న మధ్యేమార్గం ప్రస్తుతానికి ఎక్కువ సమర్థనీయంగా కనిపిస్తున్నది.

అంతకంటే లోతైన వివాదం, ఈ మార్పులకు కావలసిన పదార్థం ఎక్కడి నుంచి వస్తుందన్నది. పాత అభిప్రాయం ప్రకారం భారీగా ప్రవహించే నీళ్లు సిలికాను, పొటాషియాన్ని దూరాల నుంచి మోసుకొస్తాయి. కానీ లోతులో నీటి కదలిక అత్యంత మందమని, ఒక ఘనపు సెంటీమీటరు క్వార్ట్‌జ్ పేరుకోవడానికి అవసరమైనంత నీరు ఆ సందుల గుండా పోయే అవకాశమే లేదని క్నూట్ బియోర్లిక్కె, యెన్స్ యారెన్ 2012లో సమగ్రంగా వాదించారు. అంటే ఇసుకరాయి దాదాపు మూసిన పెట్టె. లోపలి అభ్రకం, ఫెల్డ్‌స్పార్, క్వార్ట్‌జ్, బంకమన్నుల మధ్యే ఇచ్చిపుచ్చుకోవడం జరుగుతుంది. తూర్పు తీరపు బేసిన్లకు ఈ వాదం మొత్తం మీద సరిపోతుందని అంగీకరించవచ్చు. అయితే చీలికల నుంచి పుట్టిన బేసిన్లలో లోతైన భ్రంశాలు ఉంటాయి. వాటి వెంట వేడినీరు అప్పుడప్పుడు పైకి ఎగబాకిన చోట మూసిన పెట్టె లెక్క చెల్లదు. భ్రంశానికి పదుల మీటర్ల దూరంలోని రాయి, కిలోమీటరు దూరంలోని రాయి ఒకే లోతులో వేర్వేరుగా మారి ఉంటే ఆశ్చర్యపడనవసరం లేదు.

ఇక డయాజెనిసిస్ ఎక్కడ ముగుస్తుందన్న హద్దు. ఇసుకరాయి ఈ ప్రశ్నకు మంచి సాక్షి కాదు, ఎందుకంటే క్వార్ట్‌జ్ 100 డిగ్రీల్లోనూ 400 డిగ్రీల్లోనూ క్వార్ట్‌జే. సమాధానం దాని పక్కన ఉన్న బంకరాతిలో వెతకాలి. బెర్నార్డ్ క్యూబ్లర్ 1960లలో ప్రతిపాదించిన పద్ధతిలో ఇల్లైట్ మీద ఎక్స్‌రేలు పంపి, వచ్చే శిఖరం సగం ఎత్తు దగ్గర ఎంత వెడల్పుందో కొలుస్తారు. స్ఫటికాలు మందమై క్రమబద్ధమయ్యేకొద్దీ శిఖరం సన్నబడుతుంది. కోణపు డిగ్రీల్లో ఆ వెడల్పు 0.42 కంటే ఎక్కువైతే డయాజెనిసిస్, 0.42కూ 0.25కూ మధ్య ఆంకిజోన్, అంతకు తక్కువైతే ఎపిజోన్, అంటే నిజమైన రూపాంతర శిలల మండలం. బొగ్గు నలుసుల మెరుపును కొలిచే విట్రినైట్ పద్ధతి, క్వార్ట్‌జ్ అంచుల్లో చిక్కిన సూక్ష్మమైన నీటి బుడగలను వేడిచేసి అవి ఏ వేడి దగ్గర ఒకే ద్రవంగా కలుస్తాయో చూసే పద్ధతి దీనికి తోడు. విట్రినైట్‌కు చెట్ల అవశేషం కావాలి కాబట్టి నేల మీద చెట్లే లేని కాలపు కడప శిలల్లో అది పనికిరాదు. క్యూబ్లర్ కొలత మాత్రం రెండు వైపులా పనిచేస్తుంది. కంభం శిలల నుంచే మార్కాపురం పలకలు వచ్చాయి. తెలుగు పిల్లలు తరాల తరబడి అక్షరాలు దిద్దిన ఆ రాయి, బంకమన్నులోని రేకులన్నీ ఒకే దిక్కుకు తిరిగి, పలుచని పొరలుగా చీలే గుణం సంపాదించిన అల్పస్థాయి రూపాంతర శిల. అక్కడి నుంచి సముద్రగర్భపు బావుల్లోని బంకరాయి వరకు ఒకే కొలతతో ఒకే పట్టిక తయారుచేయవచ్చు. అది ఈ రంగంలో రెండు పాయలను కలిపే అతి సులువైన దారి.

పెన్నా–పాలార్ బేసిన్‌లో వాణిజ్య ఉత్పత్తి ఇంతవరకు లేదు. అప్పట్లో కెయిర్న్ ఇండియా నిర్వహణలో ఓఎన్‌జీసీ, టాటా పెట్రోడైన్ భాగస్వాములుగా ఉన్న పీఆర్–ఓఎస్‌ఎన్–2004/1 బ్లాకు అన్వేషణకు, శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం సమీపంలో ఉన్నందువల్ల, అంతరిక్ష శాఖ ఆంక్షలు అడ్డువచ్చాయి. అందువల్ల ఈ తీరంలో బావి తవ్వకానికి ముందే కొండ మీది, తీరం మీది రాళ్ల నుంచి చేయగల పని ఎక్కువగా ఉంది, దాని విలువ కూడా ఎక్కువే. సత్యవేడు కొండల్లో బయటపడిన తొలి క్రిటేషియస్ ఇసుకరాళ్లు, గుండ్రాళ్ల పొరలు, ఒంగోలు ప్రాంతంలోని బుడవాడ, వేమవరం, పావులూరు పొరలు సముద్రం కింద పూడిన వాటికి దగ్గరి బంధువులు. వాటిలో ఫెల్డ్‌స్పార్ వాటా ఎంత, అభ్రకం ఎంత, రేణువులకు క్లోరైట్ లేదా ఇనుప పూత ఉందా, క్వార్ట్‌జ్ ముఖాలు ఎంతవరకు బోడిగా ఉన్నాయి అని రేణువు రేణువునూ లెక్కించిన పట్టిక చేతిలో ఉంటే, ఎంచుకొన్న ఏ లోతుకైనా, ఏ వేడికైనా ఆ ఇసుక ఏమవుతుందో వాల్డర్‌హాగ్ తరహా సూత్రంతో ముందే అంచనా వేయవచ్చు. ఆ లెక్క నుంచి, నేల పైన ఎండా వాననీరూ కలిసి చేసిన చెరుపును తీసివేయవలసి ఉంటుంది: బయటపడిన ఇసుకరాయిలో ఫెల్డ్‌స్పార్ కయోలిన్‌గా కుళ్లి, ఇనుము తుప్పుపట్టి ఎర్రబారి ఉంటుంది, అది లోతులో జరిగిన మార్పు కాదు. ఈ వడపోత చేయకుండా నేల మీది రాయిని నేరుగా సముద్రపు రాయికి నమూనాగా వాడిన అంచనాలను నమ్మడం కష్టం. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ, తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం, విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం భూగర్భ శాఖలు ఈ రాళ్లకు ఒక రోజు ప్రయాణ దూరంలోనే ఉన్నాయి. సత్యవేడు నుంచి వెలిగొండల వరకు గీసిన ఒకే గీత మీద నమూనాలు తీసి, ఇసుకరాయిని దాని పక్క బంకరాతితో జతగా కొలవడం వాటి చేతిలోని పనే.